సి.ఆర్.గా (తరగతి ప్రతినిధిగా) తరగతి మాటను హెచ్.ఓ.డి. (విభాగాధిపతి) గారికి చెప్పడం ఎలా? పేర్లు అడిగితే ఏమనాలి?

మూడో బెంచీ (ప్రశ్న)

అందరికీ నమస్కారం. నేను హైదరాబాద్ శివారులో, జె.ఎన్.టి.యు.హెచ్.కు అనుబంధంగా ఉన్న ఒక ఇంజినీరింగ్ కళాశాలలో ఇ.సి.ఇ. (ఎలక్ట్రానిక్స్ అండ్ కమ్యూనికేషన్) మూడో సంవత్సరం చదువుతున్నాను. మా సెక్షనులో 64 మందిమి ఉన్నాము. సెమిస్టరు మొదలైన రెండో రోజున క్లాస్ ఇన్‌ఛార్జ్ గారు పోయిన ఏడాది హాజరు చూసి ఒక అబ్బాయిని, ఒక అమ్మాయిని లేపి నిలబెట్టి, "ఈ ఏడాదికి సి.ఆర్.లు మీరిద్దరే" అన్నారు. ఆ అమ్మాయిని నేనే. ఎన్నిక జరగలేదు, మా ఇష్టం కూడా ఎవరూ అడగలేదు.

మొదటి రెండు నెలలూ ఈ పనిలో చిక్కేమీ కనిపించలేదు. ఆఫీసు నుంచి ప్రొజెక్టరు కేబుల్ తేవడం, పరీక్ష ఫీజు గడువులు వాట్సాప్ గ్రూపులో పెట్టడం, ల్యాబ్ రికార్డులు పోగుచేసి స్టాఫ్ రూములో అప్పగించడం వంటివే నా పనులు. చిక్కంతా కంట్రోల్ సిస్టమ్స్‌తో మొదలయింది. ఆ సబ్జెక్టు చెప్పే సార్ సెమిస్టరు మధ్యలో ఉద్యోగం మానేశారు. పది రోజుల పాటు ఆ పీరియడ్లు ఖాళీగా పోయాయి. తరువాత కొత్తగా చేరిన మేడమ్ మొదటి మిడ్ పరీక్షకు కావలసిన రెండున్నర యూనిట్లను పరుగున ముగించారు. రెండో మిడ్‌కు ఇక మూడు వారాలే ఉండగా, బోడె ప్లాట్లు (ఫ్రీక్వెన్సీని బట్టి సిస్టమ్ స్పందనను చూపే గ్రాఫులు) ఉన్న యూనిట్ ఇంకా మొదలే కాలేదు. ఆమె బాగా చెప్పరని నేను అనను; ప్రశ్న అడిగితే ఓపికగానే చెబుతారు. చాలనిది సమయం.

గ్రూపులో ప్రతి రాత్రీ దీని మీదే గొడవ. మాస్ బంక్ చేద్దామని (అందరం కలిసి క్లాసులు ఎగ్గొడదామని) కొందరు, ప్రిన్సిపాల్‌కు రాద్దామని కొందరు అంటున్నారు. పోయిన సోమవారం నేను ఒక్కదాన్నే హెచ్.ఓ.డి. గారి గదికి వెళ్లి "సార్, క్లాసులో అందరూ ఇబ్బంది పడుతున్నారు" అన్నాను. ఆయన తల ఎత్తకుండానే, "అందరూ అంటే ఎవరమ్మా? పేర్లు రాసుకుని రా" అన్నారు. పేర్లు ఇస్తే క్లాసు నన్ను బతకనివ్వదు. ఇవ్వకపోతే ఆయన దృష్టిలో నేను అబద్ధాలకోరును. ఇంకొకటి కూడా దాచకుండా చెబుతున్నాను: ఇంటర్నల్ 40 మార్కులలో సబ్జెక్టు వైవాకు ఇచ్చే అయిదు మార్కులు ఆ మేడమ్ చేతిలోనే ఉంటాయి, నాకూ ఆ భయం ఉంది. ఇటు క్లాసులో అప్పుడే నాకు "మేనేజ్‌మెంట్ మనిషి" అని పేరు పెట్టారు.

పేర్లు ఇవ్వనని చెప్పవచ్చా? ఈ సంగతిని ఎవరి దగ్గరికి, ఏ రూపంలో తీసుకువెళ్లాలి? ఇవేవీ కుదరకపోతే సి.ఆర్. పని మానుకునే వీలు ఉంటుందా?

పాత సి.ఆర్., కాకినాడ

నేను జె.ఎన్.టి.యు.కె. పరిధిలోని ఒక కళాశాలలో మూడేళ్లు సి.ఆర్.గా ఉన్నాను. మీకు జరిగినదే నాకూ రెండో సంవత్సరంలో జరిగింది, అప్పుడు నేను పేర్లు ఇచ్చాను. ఇచ్చినవి అయిదు పేర్లు. వాళ్లను పిలిచి అడిగితే అయిదుగురూ "మాకేమీ ఇబ్బంది లేదు సార్" అన్నారు. ఆ సాయంత్రం నుంచి నాతో క్యాంటీనులో కూర్చున్నవాడు లేడు. కాబట్టి మీ మొదటి ప్రశ్నకు నా జవాబు: పేర్లు ఇవ్వకండి, కాని ఊరికే నిరాకరించి కూడా రాకండి. పేర్లు ఉండాల్సిన చోట లెక్క పెట్టండి.

"అందరూ" అన్న మాట సి.ఆర్.కు శత్రువు. గ్రూపులో పది మంది రాత్రంతా రాస్తే అరవై మంది రాసినట్లే కనిపిస్తుంది. మీరు ఒక గూగుల్ ఫారం తయారుచేయండి. అందులో ఈమెయిల్ సేకరించే ఎంపికను ఆపివేయండి, పేరు గాని రోల్ నంబరు గాని అడగవద్దు. మూడు ప్రశ్నలు చాలు: ఏ యూనిట్‌లో ఏ అంశాలు అర్థం కాలేదు, అదనపు క్లాసులు పెడితే వస్తారా, వస్తే ఏ వేళకు. రెండో ప్రశ్న ముఖ్యమైనది. క్లాసులు కావాలని అరిచేవాళ్లలో శనివారం మధ్యాహ్నం వచ్చేవాళ్లు ఎందరో అప్పుడు తేలుతుంది, అది హెచ్.ఓ.డి. కంటే ముందు మీకు తెలియడం మంచిది.

ఆ తరువాత సిలబస్ కాగితం ఒకటి ప్రింటు తీసి, చెప్పిన అంశాలకు టిక్కు పెట్టి, ఏ తేదీన చెప్పారో పక్కన రాయండి. ఖాళీగా పోయిన పీరియడ్ల తేదీలు అడుగున రాయండి. మీ యూనివర్సిటీ ప్రశ్నపత్రం లెక్క కూడా అదే కాగితం మీద వేయండి. మీ యూనివర్సిటీ ఆర్22 బి.టెక్. నిబంధనల ప్రకారం 60 మార్కుల పేపరులో ప్రతి యూనిట్ నుంచి పార్ట్ ఎ‌లో రెండు ఒక మార్కు ప్రశ్నలు, పార్ట్ బి‌లో ఒక పది మార్కుల ప్రశ్న వస్తాయి. అంటే ఒక యూనిట్ చెప్పకపోతే 12 మార్కులు గాలికి పోయినట్లే, పాసుకు 21 కావలసిన పేపరులో. "ఇబ్బంది పడుతున్నారు" అనే మాట విని తల ఎత్తని మనిషి ఈ కాగితం చూసి తల ఎత్తుతాడు. ఫలితాల శాతం గురించి పైవాళ్లకు జవాబు చెప్పుకోవలసినది ఆయనే మరి.

ఒంటరిగా వెళ్లవద్దు. రెండో సి.ఆర్.ను తీసుకువెళ్లండి, హాజరు సరిగా లేని మిత్రుణ్ణి కూడా ఒకరిని తీసుకువెళ్లండి. బాగా చదివేవాళ్లు మాత్రమే వెళితే "మీకేమమ్మా, మీరు పాసవుతారు" అని పంపించేస్తారు. అర్జీ రాయవలసి వస్తే క్లాసంతా రోల్ నంబర్ల వరుసలో సంతకాలు చేయండి. ఆ వరుసలో ముందున్నవాడు నాయకుడు కాడు, వాడి రోల్ నంబరు ముందుంది, అంతే. ఎవరు మొదలుపెట్టారన్న ప్రశ్నకు అక్కడ చోటుండదు.

మాస్ బంక్ మాట ఎత్తినవాళ్లకు ఒక చిన్న లెక్క చూపించండి. సెమిస్టరుకు 80 పనిదినాలు, రోజుకు ఆరు పీరియడ్లు అనుకుంటే మొత్తం 480. ఒక రోజు పోతే 1.25 శాతం పోతుంది. 75 శాతం దగ్గర ఉన్నవాడికి కాండొనేషన్ ఫీజు (తగ్గిన హాజరును మన్నించడానికి కట్టే రుసుము) పడుతుంది. 66కు కాస్త అటూ ఇటూగా ఉన్నవాడు 65 కంటే కిందికి జారి డిటెయిన్ అవుతాడు, అంటే పరీక్ష రాయనివ్వరు, ఏడాది పోతుంది. బంక్‌కు పిలుపునిచ్చేవాడి హాజరు ఎప్పుడూ 80 పైనే ఉండడం నేను చాలాసార్లు చూశాను.

అధ్యాపకుడిని

పద్దెనిమిదేళ్లుగా పాఠం చెబుతున్నాను. అందులో నాలుగేళ్లు విభాగాధిపతిగా పేర్లు అడిగిన మనిషిని కూడా. పై మిత్రుడు చెప్పినదానిలో ఎక్కువ భాగంతో ఏకీభవిస్తాను, ఒక్క దానితో తప్ప.

హెచ్.ఓ.డి. పేర్లు అడిగాడంటే ప్రతిసారీ అది బెదిరింపు కాదమ్మా. నా దగ్గరికి వారానికి నలుగురు సి.ఆర్.లు వచ్చి "అందరూ" అనేవారు. విచారిస్తే అది ఒక్కోసారి ముగ్గురి గొడవ, ఒక్కోసారి నిజంగా తరగతి మొత్తం గొడవ. ఆ తేడా తెలుసుకోవడానికి నాకు తోచిన మోటు మార్గం పేర్లు అడగడం. అది తప్పు మార్గమని చెప్పిన ఒక సి.ఆర్. నాకు ఇంకా గుర్తుంది. "సార్, పేర్లు చెబితే రేపటి నుంచి నాకు ఎవరూ ఏమీ చెప్పరు, అప్పుడు మీకు కూడా ఏమీ తెలియదు. ఎంతమందో, ఏ విషయమో చెబుతాను" అంది. ఎదురు చెప్పిందని కోపం రాలేదు. ఆ పిల్ల తన పని గురించి నాకంటే బాగా ఆలోచించిందని మాత్రం అనిపించింది. మీరు కూడా అదే చెప్పవచ్చు, వినయంగా, కాని తడబడకుండా.

నేను ఒప్పుకోనిది సంతకాల అర్జీని. మీరే రాశారు, ఆ మేడమ్ కొత్తగా చేరారని, అడిగితే ఓపికగా చెబుతారని. అలాంటి మనిషి మీద 64 సంతకాల కాగితం హెచ్.ఓ.డి. బల్ల మీదికి వెళితే, ఆమె చేయని తప్పుకు ఆమె సంజాయిషీ రాసుకోవలసి వస్తుంది. పది రోజులు పీరియడ్లు ఖాళీగా పోవడం విభాగం ఏర్పాటులో ఉన్న లోపం, ఆమె లోపం కాదు. ముందు ఆమెనే కలవండి. తరగతి అయిపోయిన వెంటనే అందరి ముందు కాదు, స్టాఫ్ రూములో పది మంది వింటుండగా కాదు. వీలున్న వేళ అడిగి కలవండి. "మేడమ్, మీకు సమయం చాలడం లేదని మాకు తెలుసు. అదనపు పీరియడ్లు ఇప్పించమని హెచ్.ఓ.డి. గారిని అడగాలనుకుంటున్నాము, మీకు అభ్యంతరం ఉందా?" అనండి. చాలాసార్లు ఆమె కూడా అదే అడగలేక సతమతమవుతూ ఉంటుంది. కొత్తగా చేరిన అధ్యాపకులు పీరియడ్లు చాలడం లేదని పైకి చెప్పడానికి మీకంటే ఎక్కువ భయపడతారు, ఈ సంగతి విద్యార్థులకు తెలియదు. వైవా మార్కుల భయం కూడా అక్కడే సగం తీరుతుంది.

అప్పటికీ కదలకపోతే ఉన్న దారులు తెలుసుకోండి. చాలా కళాశాలలలో క్లాస్ రివ్యూ కమిటీ అనేది కాగితం మీదైనా ఉంటుంది, సి.ఆర్.లు, సబ్జెక్టు అధ్యాపకులు కూర్చుని సిలబస్ ఎంతవరకు వచ్చిందో మాట్లాడి, ఆ మాటలు మినిట్స్‌లో రాయాలి. మీ విభాగంలో అది చివరిసారి ఎప్పుడు జరిగిందో అడగండి. నాక్ (కళాశాలల నాణ్యతను మదింపు చేసే సంస్థ) గుర్తింపు ఉన్న కళాశాలలో ఐ.క్యు.ఎ.సి. అనే అంతర్గత నాణ్యతా విభాగం ఉంటుంది, అందులో విద్యార్థుల నుంచి కూడా ఒక సభ్యుడు ఉండాలి. అది ఎవరో మీలో ఎవరికీ తెలియకపోతే ఆశ్చర్యం లేదు, మా దగ్గర కూడా ఫొటో దిగే రోజునే తెలిసేది.

ఇక చివరి దారి యు.జి.సి. 2023లో తెచ్చిన విద్యార్థుల ఫిర్యాదుల పరిష్కార నిబంధనలు. వాటి ప్రకారం ప్రతి సంస్థలో ఒక ప్రొఫెసర్ అధ్యక్షుడుగా, మరో నలుగురు సీనియర్ అధ్యాపకులు సభ్యులుగా కమిటీ ఉండాలి. అధ్యక్షుడితో కలిపి వాళ్లలో కనీసం ఒకరు మహిళ, కనీసం ఒకరు ఎస్.సి., ఎస్.టి. లేదా ఓ.బి.సి. వర్గానికి చెందినవారు కావాలి. ఒక విద్యార్థి ప్రతినిధి ప్రత్యేక ఆహ్వానితుడుగా కూర్చుంటాడు. ఫిర్యాదు అందిన 15 పనిదినాలలో కమిటీ నివేదిక ఇవ్వాలని ఉంది. తృప్తి కలగకపోతే ఆ తరువాత 15 రోజులలో అంబుడ్స్‌పర్సన్‌కు (విద్యార్థుల అప్పీళ్లు వినే అధికారికి) అప్పీలు చేసుకోవచ్చు. మీ సంగతికి ఇది ఎలుక కోసం కొండను తవ్వడమే అవుతుంది. మూడు వారాలలో మిడ్ ఉండగా 15 పనిదినాల దారి పట్టరు కదా. కాని దారి ఉందని తెలిసిన సి.ఆర్. గొంతు వేరుగా ఉంటుంది.

మీకు "మేనేజ్‌మెంట్ మనిషి" అని పేరు రావడానికి కారణం మీ ప్రవర్తన కాదు, మిమ్మల్ని పెట్టిన తీరు. లింగ్డో కమిటీ 2006లో విద్యార్థి ఎన్నికల గురించి నివేదిక ఇచ్చినప్పుడు, తరగతులు తమ ప్రతినిధులను ఎన్నుకోవడం, ఆ ప్రతినిధులు సంఘాన్ని ఎన్నుకోవడం అనే పద్ధతిని కూడా సూచించింది. మన ఇంజినీరింగ్ కళాశాలలలో ఆ ఎన్నిక దాదాపు ఎక్కడా లేదు, హాజరు పట్టీయే ఎన్నుకుంటుంది. మీరు ఒక పని చేయండి. ఏదైనా ఖాళీ పీరియడులో ఇద్దరూ నిలబడి, "మమ్మల్ని సార్ పెట్టారు. మీకు ఇష్టమైతే ఉంటాము, లేకపోతే చీటీలు వేసి ఇంకొకరిని ఎన్నుకోండి" అనండి. ఒకవేళ ఇంకొకరు గెలిస్తే మీ మూడో ప్రశ్నకు కూడా జవాబు దొరికినట్లే.

బర్మింగ్‌హామ్ వరంగల్

పేరు చూసి నవ్వకండి, నాది వరంగల్, ఇప్పుడు ఉంటున్నది బర్మింగ్‌హామ్‌లో. ఇక్కడ ఒక విశ్వవిద్యాలయంలో ఎం.ఎస్‌సి. చేసిన ఏడాది కోర్స్ రెప్రజెంటేటివ్‌గా పనిచేశాను. వరంగల్‌లో బి.టెక్. చదివినప్పుడు సి.ఆర్.గా కూడా ఉన్నాను కనుక రెండూ చూసినట్లే.

అక్కడ సి.ఆర్. అంటే కబురు పైనుంచి కిందికి మోసేవాడు, ఇక్కడ రెప్ అంటే కిందినుంచి పైకి మోసేవాడు. ప్రొజెక్టరు కేబుల్‌తోనూ ఫీజు గడువుతోనూ నాకు సంబంధమే లేదు. మొదటి నెలలోనే స్టూడెంట్స్ యూనియన్ వాళ్లు రెండు గంటలు శిక్షణ ఇచ్చారు. ఆ తరువాత టర్ముకు ఒకసారి అధ్యాపకులు, విద్యార్థి ప్రతినిధులు కలిసి కూర్చునే కమిటీ ఉంటుంది. వారం ముందే అజెండా అడుగుతారు, పోయినసారి అడిగినదానికి ఏం చేశారో మొదట చెప్పి గాని కొత్త సంగతికి రారు. శిక్షణలో నేర్పినది ఒక్క ముక్కలో చెప్పాలంటే నాలుగు నియమాలు: చెప్పేది కచ్చితంగా ఉండాలి, బాగున్నదీ బాగాలేనిదీ రెండూ చెప్పాలి, పరిష్కారం కూడా చూపాలి, మనిషి మీద కాక విషయం మీద మాట్లాడాలి. నాలుగోది పైన అధ్యాపకులు గారు చెప్పినదే. "మేడమ్ సరిగా చెప్పడం లేదు" అంటే అది మనిషి మీద మాట. "బోడె ప్లాట్లకు ఆరు పీరియడ్లు కావాలి, రెండే మిగిలాయి" అంటే ఎవరికీ కోపం రాదు.

అయితే ఇక్కడంతా సవ్యంగా ఉందని అనుకోవద్దు. మా తరగతిలో సగానికి పైగా భారతీయులమే, అందులో తెలుగువాళ్లం పదిహేను మందిమి. కమిటీకి ముందు ఏమైనా ఇబ్బందులు ఉంటే రాయమని మెయిలు పెడితే మావాళ్లలో ఒక్కరూ రాయలేదు. అదే రాత్రి ఒకరి వంటింట్లో పప్పు పోపు వేస్తూ అన్నీ చెప్పారు: మూడు మాడ్యూళ్ల అసైన్‌మెంట్లు ఒకే వారంలో పెట్టారని, గ్రూప్ ప్రాజెక్టులో తమ మాట ఎవరూ వినడం లేదని, చదువుకునే వారాల్లో వీసా ప్రకారం వారానికి 20 గంటలకు మించి పని చేయకూడదు కనుక ఆ షిఫ్టుల కోసం తొమ్మిది గంటల క్లాసు వదులుకోవలసి వస్తోందని. సార్ మీద చెబితే మార్కులు తగ్గుతాయన్న భయాన్ని విమానంలో మనతో పాటే తెచ్చుకుంటాము. అప్పటి నుంచి నేను మెయిళ్లను నమ్ముకోవడం మానేసి వంటింట్లోనే నోట్సు రాసుకున్నాను, ఎవరు చెప్పారన్నది రాయకుండా. అసైన్‌మెంట్లలో ఒకదాని గడువు ఎనిమిది రోజులు జరిపించగలిగాను. మిగిలిన రెండు కోరికలూ "వచ్చే ఏడాది పరిశీలిస్తాము" అని మినిట్స్‌లోకి ఎక్కాయి. మాది ఒక్క ఏడాది కోర్సు, వచ్చే ఏడాదికి మేమెవరమూ ఉండము.

మీకు ఉపయోగపడే అలవాటు ఒక్కటి ఇక్కడిది: హెచ్.ఓ.డి. గారిని కలిసి వచ్చిన రోజే, ఆయన ఏమన్నారో నాలుగు వాక్యాలలో ఆయనకే మెయిలు చేయండి. "సార్, ఈ రోజు మీరు శనివారం రెండు పీరియడ్లు ఇస్తామన్నందుకు కృతజ్ఞతలు" అని రాసినా చాలు. మాట మరచిపోయేవాళ్లకు అది జ్ఞాపిక, క్లాసులో మిమ్మల్ని అనుమానించేవాళ్లకు అది రుజువు.

లాస్ట్ బస్

పెద్ద విషయాలు పైవాళ్లు చెప్పారు, చిన్నవి రెండు చెబుతాను. ఒకటి, జిరాక్సులకని, ఫేర్‌వెల్‌కని, సార్ పుట్టినరోజు కేకుకని క్లాసు డబ్బు మీ ఫోన్‌పేలోకి రానివ్వకండి. వేరే ఇద్దరికి అప్పగించండి. నేను సి.ఆర్.గా ఉండగా 340 రూపాయల తేడాకు ఆరు నెలలు మాట పడ్డాను. రెండు, గ్రూపును రెండుగా చేయండి. ప్రకటనల గ్రూపులో అడ్మిన్లు మాత్రమే రాయాలి, గొడవలన్నీ రెండోదానిలో పెట్టుకోమనండి. రాత్రి తొమ్మిది దాటాక ఆ రెండోదాన్ని మీరు తెరవకండి.

మూడో బెంచీ

అందరికీ కృతజ్ఞతలు. పన్నెండు రోజుల తరువాత రాస్తున్నాను, ఆలస్యానికి మన్నించండి.

ఫారం పెట్టాము. 64 మందిలో 51 మంది నింపారు. బోడె ప్లాట్ల యూనిట్ కావాలన్నవాళ్లు 47 మంది, శనివారం వస్తామన్నవాళ్లు 29 మంది. గ్రూపులో అందరికంటే ఎక్కువగా అరిచిన ఇద్దరు తాము ఫారం నింపలేదని తామే చెప్పుకున్నారు. అధ్యాపకులు గారు చెప్పినట్లు ముందు మేడమ్‌ను కలిశాము. ఆమె కాసేపు ఏమీ మాట్లాడలేదు. తరువాత డ్రాయరు తీసి, చేరిన వారంలోనే అదనపు పీరియడ్ల కోసం తాను రాసుకుని ఇవ్వలేకపోయిన కాగితం చూపించారు. మా సిలబస్ కాగితాన్ని, ఆమె కాగితాన్ని కలిపి ముగ్గురం హెచ్.ఓ.డి. గారి దగ్గరికి వెళ్లాము. ఈసారి ఆయన పేర్లు అడగలేదు, "29 మందే వస్తే మిగిలిన 35 మంది సంగతేమిటి?" అని అడిగారు. దానికి మా దగ్గర జవాబు లేదు. చివరికి శనివారాలు కాకుండా, వారానికి మూడు లైబ్రరీ పీరియడ్లను ఈ సబ్జెక్టుకు మార్చారు. రెండో మిడ్ లోపు ఆరు పీరియడ్లు వస్తాయి, ఎనిమిది కావాలని అడిగాము.

ఆ సాయంత్రమే నాలుగు వాక్యాల మెయిలు పంపాను. జవాబు రాలేదు గాని, మర్నాడు టైమ్‌టేబుల్ మారింది.

చీటీల ఎన్నిక కూడా పెట్టాము. అబ్బాయిలలో కొత్తవాడు గెలిచాడు, అమ్మాయిలలో నాకే పడ్డాయి, నాలుగు ఓట్ల తేడాతో. ఆ నలుగురూ ఎవరో తెలుసుకోవాలని చాలా ఉంది, అడగడం లేదు. లైబ్రరీ పీరియడ్లు పోయాయని ఇప్పుడు గ్రూపులో కొత్త గొడవ మొదలయింది. అది రెండో గ్రూపులో జరుగుతోంది, నేను ఇంకా తెరవలేదు.